ఆడపిల్ల వైపు కప్పు

పదకొండేళ్ళుగా ఎర్మెలిందాకు ఒక సందేహం పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. ఆ రోజు తాను వెళ్ళనిది దేవుడి కోసమా, తన పంతం కోసమా?

ఆ రోజంటే పెద్ద కూతురు ఒఫేలియా కొత్త ఇంటికి కప్పు వేసుకున్న రోజు. ఒఫేలియా సముద్రం ఒడ్డున కమనాలో పుట్టి పెరిగింది. కొండ మీది ఊళ్ళో పంతులమ్మగా ఉద్యోగం వచ్చి వెళ్ళింది. వెళ్ళిన మూడో ఏడు ఆ ఊరి అబ్దోన్‌తో కాపురం పెట్టింది. చర్చిలో పెళ్ళి కాలేదు. కొండల్లో దాన్నెవరూ తప్పు పట్టరు. ఏడాదో రెండేళ్ళో కలిసి బతికి, ఒకరికొకరు సరిపోయారనుకున్నాకే ఫాదర్ ముందు నిలబడతారు. కానీ జపమాల తిప్పందే గుక్కెడు నీళ్ళు ముట్టని ఎర్మెలిందాకు అది తప్పే. "అమ్మా, కప్పు వేసే రోజు పెళ్ళికూతురి తల్లి ఉండాలంటారు ఇక్కడ, నువ్వు రావాలి" అని కూతురు కబురు పెడితే, "పెళ్ళికాని ఇంటి గడప నేను తొక్కను, దేవుడు ఒప్పుకోడు" అని తిరుగు కబురు పంపింది.

దేవుడు ఒప్పుకోడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫాదర్‌ని అడుగుదామని చర్చి మెట్ల దాకా వెళ్ళి, వెళ్ళమంటాడేమోనని వెనక్కి వచ్చేసింది. ఆ సందేహమంతా ఆ మెట్ల దగ్గరే మొదలైంది.

తరవాత రెండేళ్ళకు ఒఫేలియా కమనా చర్చిలోనే పెళ్ళి చేసుకుంది. ఊరందరికీ భోజనాలు పెట్టారు. ప్రతి ఈస్టరుకీ కూతురూ అల్లుడూ దిగి వచ్చి వెళ్ళేవారు. కప్పు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎర్మెలిందాకు బరువైంది. తాను మాత్రం ఒక్కసారైనా కొండ ఎక్కలేదు. మొదట మోకాళ్ళ నొప్పులంది. తరవాత ఆ ఎత్తుకు ఊపిరి ఆడదంది. అసలు సంగతి, ఏ ముఖం పెట్టుకుని ఆ ఇంటి ముందు నిలబడాలో తెలియక.

ఈ జూలైలో, అక్కడి చలికాలంలో, వరి చేలు ఖాళీగా ఉన్నాయి. చిన్న కూతురు ఇర్మాకు కూడా ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలోనే నర్సు ఉద్యోగం పడింది.

"ఇద్దరు పిల్లలూ ఒక్కచోటే ఉన్నారు. ఇంకా దేనికోసం చూస్తున్నావే, కొండే దిగి మన గుమ్మంలోకి వస్తుందనా?" అన్నాడు భర్త తియోబాల్దో. "నాలుగు రోజులు సెలవు చేసుకుందాం. పుట్టి బుద్ధెరిగాక మనం ఎక్కడికైనా సరదాగా వెళ్ళామా? పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప."

ఎర్మెలిందా సరేనంది. అతనికి సరదా. ఆమె మాత్రం ఆ రోజు సంగతి తేల్చుకోకుండా కొండ దిగకూడదని మూట కట్టుకుంటున్నప్పుడే గట్టిగా అనుకుంది.

*

బస్సు దిగేసరికి ఆమెకు తల గిర్రున తిరిగింది. ఇర్మా పలకరింపు కూడా లేకుండా తల్లి వేలికి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే చిన్న క్లిప్పులాంటి యంత్రం తగిలించింది.

"ఎనభై మూడు. అమ్మా, రెండు రోజులు మంచం దిగకూడదు. మూటలు ముట్టకూడదు. మెట్లెక్కకూడదు."

"మాట్లాడొచ్చా?"

"తక్కువగా."

"అబ్బ, ఇన్నాళ్ళకి దేవుడు నా మొర ఆలకించాడు," అన్నాడు తియోబాల్దో ఆకాశం వంక చూసి దణ్ణం పెడుతూ.

ఒఫేలియా నవ్వి, తల్లి భుజం చుట్టూ శాలువా కప్పింది. అబ్దోన్ బియ్యం బస్తా భుజానికెత్తుకున్నాడు. వాకిట్లోకి అడుగు పెట్టే ముందు ఎర్మెలిందా ఒక్క క్షణం ఆగి, తలెత్తి కప్పు వైపు చూసింది. బలిసిన కొండగడ్డి, దగ్గర దగ్గరగా పేర్చి తాళ్ళతో బిగించినది. పదకొండేళ్ళ వానలకు నల్లబడింది. ఆమె సిలువ గుర్తు వేసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న అందరూ ఎండలో కూర్చుని కోకా ఆకు కషాయం తాగుతుంటే తియోబాల్దో కప్పుని తదేకంగా చూశాడు.

"అల్లుడూ, ఎడమవైపు గడ్డి కుడివైపు కంటే బాగా కుదిరిందే. ఎవరు వేశారది?"

"కుడిపక్క మావోళ్ళు వేసిండేది మామయ్యా. మా ఊళ్ళో అంతే. కుడిపక్క మగపిల్లోడి వైపోళ్ళు, ఎడమపక్క ఆడపిల్ల వైపోళ్ళు. ఎవరు ముందు వేస్తే వాళ్ళు రెండోవాళ్ళను ఆడిపోసుకుంటారు. భలే గలాటా ఉంటాది. ఆడపిల్ల తల్లి కిందనుంచి గడ్డి కట్టలు అందీయాల, ఇంక…"

అబ్దోన్ అక్కడ ఆగిపోయాడు. నోట్లో మాట గొంతులోకి మింగేసినట్టు కషాయం గుక్కెడు తాగాడు.

"మరి అందించింది ఎవరు?" అంది ఎర్మెలిందా.

ఒఫేలియా ఖాళీ గిన్నెలు ఏరుకుంటూ, "సతుర్నీనా అవ్వ," అంది. "పక్క ఇల్లు. అవ్వ కట్టలు అందిస్తే, వాళ్ళాయన మెలితోన్ తాత ఎక్కి వేశాడు. ఒక్కడే. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా. తాత పోయి నాలుగేళ్ళయింది." అని గిన్నెలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఎర్మెలిందా ఆ ఎడమవైపు కప్పునే చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ రోజు తన చోటు ఖాళీగా ఉండిపోయిందనుకుంది. ముక్కూమొహం తెలియని ఒక ఆవిడ ఆ చోట నిలబడిందని ఈ రోజే తెలిసింది.

*

ఆ మధ్యాహ్నమే ఆమె అయిదు కిలోల బియ్యం, ఒక సంచీడు ఎండు రొయ్యలు, కూతురికని తెచ్చిన కొత్త దుప్పటి మూట కట్టింది. మెల్లగా, గోడ పట్టుకుని, పక్కింటికి వెళ్ళింది. ఇర్మా వెంట వచ్చింది, తల్లి పడిపోతే పట్టుకోవడానికి.

సతుర్నీనాకు డెబ్బై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. చేతులు వేరుదుంపల్లా గట్టివి. ఆమె వాళ్ళను చూడగానే కుర్చీ మీద గొర్రెతోలు పరిచి, ఎర్మెలిందాను కూర్చోబెట్టి, పింగాణీ గిన్నెలో సూపు, చెంచా చేతికిచ్చింది. తను మాత్రం నేల మీద కూర్చుంది.

"అక్కా, పదకొండేళ్ళ కిందట మీరు నా చోట నిలబడ్డారట. నాకు నిన్నటిదాకా తెలియదు. ఇది ఉంచండి," అంటూ ఎర్మెలిందా మూట ముందుకు జరిపింది.

సతుర్నీనా మూట విప్పి, ఒక రొయ్య తీసి వాసన చూసి, "సముద్రం మాదిరి ఉండాది," అని నవ్వింది. "మంచిది తల్లీ. దేవుడు నీకు నిండుగా ఇయ్యాల." అంతే. కప్పు మాటే ఎత్తలేదు.

తిరిగి వచ్చిన గంటకు ఎవరో తలుపు తట్టారు. గుమ్మంలో సతుర్నీనా. వీపున బస్తాడు బంగాళాదుంపలు, చేతిలో రెండు జున్నుగడ్డలు, చంకలో గొర్రెబొచ్చు దుప్పటి ఒకటి. అన్నీ దింపి, "మీ ఊరికి తీసకపో," అని వెళ్ళిపోయింది.

ఇర్మా కడుపు పట్టుకుని నవ్వింది. "అయిపోయిందమ్మా! బియ్యానికి దుంపలు, రొయ్యలకి జున్ను, దుప్పటికి దుప్పటి. చెల్లుకు చెల్లు. ఇంకో మూట తీసుకెళ్తే ఈసారి పొట్టేలునే తోలుకొస్తుంది. నాన్నేమో దాన్ని బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి."

"నేనిచ్చింది కానుక కాదే. ఆ రోజుకి బదులు."

"ఇక్కడ రోజుకి బదులు రోజే అమ్మా. దాన్నే ఐని అంటారు. నువ్వు నా చేలో ఒక రోజు చేస్తే నేను నీ చేలో ఒక రోజు చేస్తాను. బంగారం తెచ్చి పోసినా అది రోజుతో సమానం కాదు."

ఎర్మెలిందా పెద్ద కూతురి వైపు తిరిగింది. ఒఫేలియా పొయ్యి దగ్గర మొక్కజొన్న ఒలుస్తోంది.

"నువ్వు తీర్చలేదా? పదకొండేళ్ళు పక్కపక్కనే ఉన్నారుగా."

"మిగతా అందరివీ తీర్చాను. అవ్వ చేలోనూ ఎన్నోసార్లు చేశాను. చేసిన ప్రతిసారీ ఆవిడ మళ్ళీ నాకు చేసి సరిపెట్టేస్తుంది." ఒఫేలియా తల ఎత్తలేదు. "ఆ రోజు ఒక్కటీ నా చేత తీర్చుకోదు. ఆవిడ ఆ పని నా కోసం చెయ్యలేదమ్మా. నా తల్లి బదులు చేసింది. అది నువ్వే తీర్చాలి."

ఎర్మెలిందా వెళ్ళి ఆమె పక్కన కూర్చుని ఒక కంకి అందుకుంది.

"ఒఫేలియా, నేనారోజు ఫాదర్‌ని అడగనైనా అడగలేదే," అంది ఎర్మెలిందా. "దేవుడు ఒప్పుకోడని నేనే అనేశాను."

"తెలుసు. అప్పుడే ఫాదర్‌కి ఫోన్ చేశాను, మా అమ్మని వెళ్ళొద్దన్నారా అని. 'మీ అమ్మ నా దగ్గరికే రాలేదమ్మా, వస్తే పంపేవాడిని' అన్నారు."

పదకొండేళ్ళు. ఈ పిల్లకు ముందే తెలుసు. ప్రతి ఈస్టరుకీ వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, తన చేతి వంట మెచ్చుకుంటూ తిని వెళ్ళింది. ఎర్మెలిందాకు ఏడుపు రాలేదు. మెడలో జపమాలను రవిక లోపలికి తోసుకుంది, పనికి దిగేముందు తోసుకున్నట్టు.

"ఆవిడకి ఇప్పుడు ఏం పని ఉంది?" అంది.

*

సతుర్నీనాకు ఉన్న పని చూన్యో. కొండ మీద దుంపలను మూడు రాత్రులు మంచులో పరిచి గడ్డకట్టనిస్తారు. తరవాత పొద్దున్నే ఎండ తగిలి మెత్తబడుతున్నప్పుడు వట్టికాళ్ళతో తొక్కి నీళ్ళు పిండుతారు. అవి ఎండితే పదేళ్ళైనా చెడవు. ఆమె దుంపలకు రెండు రాత్రులు మంచు పట్టింది. మూడో రాత్రి కోసం చూస్తుంటే మబ్బు కమ్మింది. మబ్బుంటే మంచు గట్టిగా కురవదు.

శుక్రవారం ఎర్మెలిందా వెళ్ళి, "అక్కా, తొక్కే రోజు నన్ను పిలవండి," అంది.

"నువ్వు చుట్టానివి తల్లీ. చుట్టానికి పని జెప్పే ఇల్లు కాదు మాది."

"చుట్టంగా రాలేదు. బాకీ ఉండి వచ్చాను."

సతుర్నీనా ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. "దినమంటే దినమే. పొద్దు పొడిచినకాడి నుంచి పొద్దుగూకేదాకా. సగం దినం ఐని కాదు. నీ ఊపిరి చూస్తే గడప దాటేతలికే అయిపోయేలా ఉండాది. నేను పిలవను."

"పిలవకపోయినా వస్తాను."

"మొండిదానివే," అంది సతుర్నీనా. ఆ మాటలో కోపం లేదు.

శనివారం కూడా మబ్బే. తిరుగు బస్సు ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. అది పోతే మళ్ళీ బుధవారం దాకా లేదు. ఎర్మెలిందా రోజంతా వాకిట్లో కూర్చుని ఆకాశం చూస్తూ జపమాల తిప్పింది. మంచు పడాలని ప్రార్థించిన మనిషి ఆమె వంశంలో అంతకుముందు ఎవరూ ఉండరు. సాయంత్రానికి గాలి తిరిగింది. మబ్బు కొండ అవతలికి జారిపోయి, ఆకాశం కడిగిన పళ్ళెంలా తేలింది.

ఆదివారం తెల్లారేసరికి వాకిట్లో బకెట్టులో నీళ్ళు అద్దంలా గడ్డకట్టాయి.

ఎర్మెలిందా పాత లంగా బొడ్లో దోపుకుంటుంటే ఇర్మా క్లిప్పు పట్టుకుని అడ్డం నిలబడింది.

"ఎనభై ఆరు. వీల్లేదు. నర్సుగా చెప్తున్నా."

"నేను తల్లిగా చెప్తున్నా, జరుగు."

"అమ్మా, ఇవాళ ఆదివారం! నువ్వు ఆదివారం సూదిలో దారం కూడా ఎక్కించవుగా!"

ఆ మాటకు ఎర్మెలిందా ఆగింది. నిజమే. ఆదివారం పని చేయకూడదని తన తల్లి నేర్పింది, తను పిల్లలకు నేర్పింది. ఆ నియమం మంచిదే. కానీ పదకొండేళ్ళ కిందట కూడా ఇలాగే దేవుడి పేరు అడ్డం పెట్టుకునే కదా ఇంట్లో కూర్చుంది. ఒకే మనిషి రెండుసార్లు ఒకే సాకు చెబితే ఆయన నమ్ముతాడా?

"అడిగాను," అంది. "ఈసారి ముందే అడిగాను, రాత్రంతా. వద్దనలేదు." అని చెప్పులు గుమ్మంలోనే వదిలేసి బయల్దేరింది.

తియోబాల్దో మంచంలోంచే, "టికెట్లు?" అన్నాడు.

"నువ్వెక్కు."

"నేనొక్కణ్ణే వెళ్తే అక్కడ నాకు అన్నం ఎవరు పెడతారే?"

"అయితే ఎక్కకు."

*

ఊరి పైన చదునైన గడ్డినేలలో దుంపలు తెల్లగా రాళ్ళలా పడున్నాయి. సతుర్నీనా వాటిని కుప్పలుగా చేస్తోంది. ఎర్మెలిందా రావడం చూసింది, పలకరించలేదు. ఒక కుప్ప వైపు గడ్డంతో చూపించింది.

మొదటి అడుగు వేయగానే చలి అరికాలి నుంచి పుర్రె దాకా పాకింది. ఎర్మెలిందా నోరు మూసుకుని రెండో అడుగు వేసింది. కాళ్ళ కింద దుంప చిట్లి, చల్లటి నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి చిమ్మాయి. చిన్నప్పుడు కమనా మళ్ళలో మోకాళ్ళ లోతు బురద తొక్కిన కాళ్ళవి. మడమతో నొక్కి, వేళ్ళతో తిప్పి, పొట్టు జారేలా రాయడం వాటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఊపిరే చాలలేదు. పదడుగులు తొక్కి ఆగేది. "ఓ మరియమ్మా" అని ఒక పూస మనసులో తిప్పుకుని మళ్ళీ పదడుగులు.

"నాట్యమాడినట్టు కాదు తల్లీ, పగోడిని తొక్కినట్టు తొక్కాల," అంది సతుర్నీనా పక్క కుప్ప మీద నుంచి.

"నాకు పగోళ్ళు లేరక్కా."

"మొగుడు ఉండాడు గదా!"

ఎర్మెలిందాకు నవ్వొచ్చి, ఉన్న ఊపిరి కూడా పోయి, కుప్ప పక్కనే కూలబడింది. సతుర్నీనా లేవమననూ లేదు, చాల్లెమ్మననూ లేదు. ఊపిరి కూడదీసుకుని ఆమె మళ్ళీ లేచింది.

ఎండ నడినెత్తికి వచ్చాక సతుర్నీనా గడ్డి మీద గుడ్డ పరిచింది. ఉడికిన దుంపలు, జున్ను, రోటి పచ్చడి. కుర్చీ లేదు, గొర్రెతోలు లేదు, చెంచా లేదు. వేడి దుంప ఒకటి ఎర్మెలిందా చేతిలోకి విసిరి, "తిను, ఇంకా మూడు కుప్పలుండాయి," అంది. చుట్టానికి ఎవరూ ఇలా పెట్టరు. ఎర్మెలిందా దుంప పొట్టుతోనే కొరికింది.

సరిగ్గా రెండింటికి లోయలోంచి బస్సు హారను మోగింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి పొడుగ్గా. డ్రైవరు వాళ్ళ కోసమే మోగిస్తున్నాడని తెలుస్తూనే ఉంది. సతుర్నీనా తొక్కడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది. ఎర్మెలిందా తల ఎత్తలేదు. మడమతో నొక్కి, వేళ్ళతో తిప్పింది. హారను చప్పుడు కొండ మలుపు తిరిగి పోయింది.

కాసేపటికి తియోబాల్దో రొప్పుతూ పైకొచ్చాడు. "బుధవారం దాకా ఉంటామని డ్రైవరుకి చెప్పొచ్చా. పిల్లలిద్దరూ పండగ చేసుకుంటున్నారు." గట్టున కూర్చుని బూట్లు విప్పబోయాడు.

"నువ్వు తొక్కేది లెక్కకు రాదు నాయనా," అంది సతుర్నీనా. "దినం ఆమెది."

"లెక్కకి రాకపోతే మరీ మంచిది. మధ్యలో కూర్చోవచ్చు," అని అతను ఒక చిన్న కుప్ప మీదికి ఎక్కి, చలికి కెవ్వుమని అరిచి, దిగేశాడు. మళ్ళీ ఎక్కలేదు. మధ్యలో కూర్చున్నాడు.

నీడలు పొడుగయ్యాయి. ఎర్మెలిందా కాళ్ళు మొద్దుబారి తనవి కానట్టయ్యాయి. రెండో కుప్ప అయింది. మూడోది సగమయ్యేసరికి కాళ్ళు మడతబడ్డాయి. ఆమె నేల మీద కూర్చుని, మిగిలిన దుంపలు చేతుల్తో ఒక్కొక్కటే పిండి పొట్టు తీసింది. చివరి దుంప పరిచేసరికి ఎండ ఎదురుకొండ అంచున మాత్రమే మిగిలింది.

ఒఫేలియా శాలువా పట్టుకుని పైకి వచ్చింది. తల్లిని లేపలేదు, రమ్మననూ లేదు. గట్టు దగ్గర నిలబడి చూస్తోంది.

సతుర్నీనా మొక్కజొన్న కల్లు గిన్నెలో పోసి తెచ్చి ఎర్మెలిందా చేతికిచ్చింది. "ముందు నేలకు," అంది.

ఎర్మెలిందా గిన్నె పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. నేల తల్లికి పోయడం వాళ్ళ పద్ధతి. తనది కాదు. అయినా నేల మాత్రం ఎవరు చేసింది? మెల్లగా వంచి, ఒక ధార నేల మీద పోసింది.

సతుర్నీనా గట్టు వైపు తిరిగి, చేలో పనివాళ్ళను పిలిచే గొంతుతో గట్టిగా అంది:

"ఒఫేలియా! మీయమ్మ నీ కప్పుకు వచ్చింది. పొద్దుగూకేదాకా ఉండింది. ఇంక ఆమె నాకేం బాకీ లేదు."

ఎర్మెలిందా మిగిలిన కల్లు తాగి, ఖాళీ గిన్నె ఆమె చేతిలో పెట్టింది.